హమాం కప్పు దించిన సారు

మా పక్కింటి ఓవర్సీరు సారు పోయారు. చెన్నూరులో కూతురి ఇంట్లో, నిద్రలోనే ప్రాణం పోయిందట. బస్సు కండక్టరు ఆ కబురు మా గడపలో చెప్పేసరికి అక్కడ దహనం కూడా అయిపోయింది. మా వీధిలో కొందరికి ఆయన ఇప్పటికీ హమాం కూల్చిన మనిషే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ హమాం చూడనివాళ్లు ఊళ్లో ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఊరి ఖిల్లాను కిలేదార్లు ఏలిన కాలంలో కట్టిన స్నానశాల అది. బయటికి కిటికీలు లేని మొద్దు గోడలు, గుండ్రటి కప్పులు. లోపల ఒకదాని వెనుక ఒకటి మూడు గదులు. మొదటిది చల్లగా, రెండోది గోరువెచ్చగా ఉండేవి. మూడోదాంట్లో ఒళ్లు కాగేది. నేల బండల కింద పొట్టి స్తంభాలు, వాటి మధ్య పొయ్యి సెగ తిరిగే దారి ఉండేవి. ఆ సెగే గోడల్లోని మట్టి గొట్టాల వెంట పైకి పోతూ గోడల్ని కూడా కాచేది. కప్పుకు చుక్కల్లాంటి రంధ్రాలు, వాటికి మందపాటి అద్దాలు. ఆ వెలుతురు ఆవిరిలోంచి దిగేటప్పుడు పక్క మనిషి ముఖం కూడా మసకగానే కనబడేది.

గురువారం ఆడవాళ్ల రోజు. బాలింతలు, నడుం నొప్పుల వాళ్లు, మగ్గం గుంతలో కాళ్లు మొద్దుబారిన వాళ్లు, అందరం పోయేవాళ్లం. సారు భార్యను నేను అక్కా అనేదాన్ని. ఆమెకు కీళ్లవాతం. సారు ఆమెను సైకిల్ వెనక కూర్చోబెట్టి, తాను నడుస్తూ గుమ్మం దాకా తోసుకొచ్చేవారు.

"చెల్లే, జర చెయ్యి పట్టుకో. లోపల జారుతది" అని నాకు అప్పగించి దఫ్తరుకు పోయేవారు.

వేడి గదిలో బండ మీద పడుకోగానే అక్క ముఖం తేటపడేది. "గీ బండకున్న దయ దేవునికి లేదే" అనేది.

పోలీసు యాక్షన్ తర్వాత హమాం పొయ్యికి జాగీరు నుంచి కట్టెలు రావడం ఆగిపోయింది. అయినా కొన్నేళ్లు ఎట్లాగో నడిచింది. తర్వాత ఆ జాగాలో కూరగాయల మార్కెట్ కట్టాలని ఊరి పెద్దమనుషులు తలపెట్టి, కట్టడం ప్రమాదంగా ఉందని రాసిమ్మని సారును అడిగారు. ఆయన నిచ్చెన వేసుకుని కప్పులెక్కారు. పొయ్యి గుంతలోకి పాకి, ఒళ్లంతా మసితో బయటికొచ్చారు.

"ఇది ఇంకా మన మనుమల దాంక ఉంటది. నేను రాయ" అన్నారు.

వెంటనే వీధిలో మాట పుట్టింది. "పెండ్లాం స్నానానికి పోతదని అట్లంటుండు." ఇంకో అధికారి వచ్చి, లోపలికి తొంగైనా చూడకుండా, కూల్చవచ్చని రాసి పోయాడు.

కాంట్రాక్టరు గోడల అడుగున గడ్డపారలు వేయించబోతున్నాడని తెలిసిన సాయంత్రం, కూల్చే పని తానే చేయిస్తానని సారు పెద్దమనుషులను ఒప్పించి ఇంటికి వచ్చారు. నేను అప్పుడు వాళ్ల వంటింట్లోనే ఉన్నాను. అక్క చేతిలోని చెంబు కింద పెట్టింది.

"మీరు పోకుండ్రి. కూల్చేటోళ్లను కూల్చుకోనియ్యిండ్రి. మీ చేతులతోటి ఎందుకు?"

"వాళ్లు కింద కొడ్తరు. గోడ కదిలితే కప్పంతా ఒక్కసారి పడ్తది. లోపల కూలోళ్లుంటరు."

"ఊరు మిమ్ములనే అంటది."

"అననీ. మనిషి మీద పడకుంటె చాలు."

మర్నాడు లోపల కప్పుకు ఆసరాగా మొద్దులు నిలబెట్టించి, ముందుగా తానే పైకెక్కారు. "కట్టినోళ్లు కింది నుంచి మీదికి పోయిండ్రు. మనం మీది నుంచి దిగాలె" అని కూలీలకు చెప్పి, నడినెత్తి నుంచి వరుస తర్వాత వరుస ఇటుకలు తీయించారు. కప్పు తెరుచుకుని వేడి గదిలో ఎండ నేరుగా పడ్డప్పుడు నేను చూశాను. మసి పట్టిన గోడలు, నునుపెక్కిన బండలు, అంతే. చూడలేక వచ్చేశాను. పని ముగిసేదాకా అక్క ఆయనతో మాట్లాడలేదు. మొన్న పెండ్లాం కోసం ఆపిండన్న నోళ్లే, "గీయన గూడ అమ్ముడుపోయిండు" అన్నాయి. కానీ కూలీలందరూ, వాళ్లలోని ముసలాయనతో సహా, ఏ సాయంత్రానికి ఆ సాయంత్రం ఇంటికి చేరారు.

ఆ తర్వాత సారు పెరట్లో రాగి గుండిగలో నీళ్లు కాచి, స్నానాల గది సందులకు గోనెసంచులు కుక్కి, అక్కకు ఆవిరి పట్టించేవారు. "నీళ్లు మంచిగనే ఉన్నయ్" అని అక్క ఒకరోజు అంది. మోకాళ్లు మాత్రం వినలేదు. ఒక చలికాలం మంచం పట్టింది, ఇంకో చలికాలం దాటలేదు. సారు నౌకరీ దిగి, చెన్నూరులో కూతురి దగ్గరికి పోయారు.

మొన్న వానాకాలంలో చెన్నూరులో ఆయన్ను చూశాను. అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"మార్కెట్ కట్టిండ్రా చెల్లే?"

"కట్టలే సారూ. జాగ ఖాళీగనే ఉన్నది."

అరుగు అంచును వేళ్లతో తడిమి చూశారు. తర్వాత, "మన కూలోళ్లల్ల ముసలాయన ఉంటుండె, మంచిగున్నడా?" అన్నారు.

"ఉన్నడు. మనుమని పెండ్లి చేసిండు."

తల ఊపి, కండువాతో ముఖం తుడుచుకున్నారు.

ఈ పొద్దున ఆ జాగా దాకా పోయి వచ్చాను. పొయ్యి ఉన్నచోట గుంతలో ఇంకా వాననీళ్లు నిలిచి ఉన్నాయి. ఒక బర్రె మెడదాకా మునిగి కళ్లు మూసుకుంది. చలికి నీళ్ల మీంచి సన్నగా ఆవిరి లేస్తోంది.