నీలిమందు నీళ్లు

లక్షద్వీపాల్లోని ఆ చిన్న దీవిలో ఏ బావి కనిపించినా కుంజీబీ తలమీద కప్పుకున్న తట్టం గుడ్డ జారకుండా పళ్లతో పట్టుకుని లోపలికి తొంగిచూస్తుంది. చేద పైకి రాగానే వాసన చూసి, ఒక గుక్క నోట్లో పోసుకుని కళ్లు మూసుకుంటుంది. చుట్టూ ఉప్పు సముద్రం, ఇసుక కింద కాసిన్ని మంచినీళ్లు. అవి ఎటు కదులుతాయో తెలుసుకోవాలని ఆమెకు తీరని ఆరాటం. ఈమధ్య అల్లుడు చెరియకోయ మరుగుదొడ్డికి గొయ్యి తవ్విస్తే, ఆ మురికి తమ బావిలోకి ఊరుతుందేమోనని అందులో బట్టల నీలిమందు కలిపిన నీళ్లు బిందెలకొద్దీ పోసింది. రోజులు గడిచినా తమ బావి తేటగానే ఉంది.

"ఊరికే హడలగొట్టారు అత్తయ్యా!" అని నవ్వాడు అల్లుడు.

"మనకు రాలేదు సరే, మరి ఎటు పోయినట్టు నాయనా?" అంటూ ఆమె బావి బావికీ తిరిగింది. చివరికి సారోమ్మబీ పెరడు మిగిలింది. కొబ్బరిచెట్ల హద్దు తగాదాతో ఇద్దరికీ ఏళ్లుగా మాటల్లేవు.

"ఒక్క చేద తోడుకోనివ్వవే."

"ఎందుకు, విషం కలపడానికా?"

చేదలో నీళ్లు లేతనీలంగా ఉన్నాయి. కుంజీబీ కళ్లు ఒక్కక్షణం మెరిసి, వెంటనే వాలిపోయాయి. "కలిపేశానే. మా గొయ్యి నీళ్లే ఇవి. ఇవాళే పూడ్పిస్తాను."

గొయ్యిలో చివరి తట్ట ఇసుక పడేదాకా సారోమ్మబీ హద్దులో నిలబడి చూసింది. మర్నాడు పొద్దున తన బావి చేదను కుంజీబీకి అందేలా గట్టు మీదే ఉంచింది.