ఘణపురం గుట్ట మీద జారిన బండ

హైదరాబాదులో సైన్సు చదివి వచ్చి వనపర్తి బడిలో చేరిన ఏడాది, నేను చెప్పిన సగం మాట వల్ల ఒక మనిషి వేళ్లు పోయాయి.

ఖిల్లా ఘణపురం గుట్ట మీద నీళ్ల తొట్టి గట్టు కూలితే, దాన్ని బాగుచేసే గుత్త మా మేనమామ తీసుకున్నాడు. కింద చెక్కిన పెద్ద బండను పైకి చేర్చాలి. వానలు దగ్గరపడ్డాయి. రాళ్లు కొట్టే మేస్త్రీ, యాభై దాటిన మనిషి, గుట్టను చుట్టిపోయే వాలుదారే మేలన్నాడు. దానికి మూడు రోజులు పడుతుంది. మేనమామ కన్ను ఎదురుగా నిటారుగా ఎక్కే నిట్టదారి మీద ఉంది.

“సదువుకున్నోనివి గదా అల్లుడా, నువ్వు జెప్పు. ఏ దారిల కష్టం తక్కువ?”

పుల్లతో నేల మీద రెండు గీతలు గీశాను. “భూమి లాగుడుకు దారితోటి పనిలేదు మామా. ఎంత ఎత్తు ఎక్కినమన్నదే లెక్క. సుట్టు తిరిగినా, సీదా పోయినా దానికి ఎదురు జేసే పని ఒక్కటే. ఆ పనంత బండల దాగుంటది.” ఉర్దూ పాఠంలో దాన్ని తవానాయి అనేవాళ్లు; ఇప్పటి పుస్తకాల్లో స్థితిశక్తి.

మేస్త్రీ నిటారు గీత మీద వేలు పెట్టాడు. “ఎత్తు సంగతి నిజమే సారూ. మరి రాపిడి? వాలుదారిల తాడు ఇడిస్తే బండ ఆడ్నే కూసుంటది. గీ నిట్టదారిల కూసుంటదా?”

కూర్చోదు. నాకు తెలుసు. రాపిడి లెక్క వేరని, అది దారిని బట్టి మారుతుందని చదివినవాణ్నే. కానీ మేనమామ అప్పటికే నవ్వుతూ నా భుజం తట్టాడు. నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పన్నెండుమంది తాడు పట్టారు. మేస్త్రీ బండ పక్కన నడుస్తూ అడుగడుక్కీ గడ్డపార ఆనిస్తున్నాడు. ముప్పావు గుట్ట ఎక్కాక, ఒక రాతి అంచుకు తాడు ఒరుసుకోవడం చూశాను. ఒక పురి తెగింది. ఇంకొకటి. ఆపమని అరిచాను. ఆగడానికి అక్కడ చోటే లేదు.

సరిగ్గా అప్పుడే కింద అదే దారిలో మేస్త్రీ కోడలు నీళ్ల కుండతో ఎక్కి వస్తోంది.

“పక్కకు దుంకు బిడ్డా!” మేస్త్రీ కేక వేశాడు.

తాడు తెగింది. ఆయన తప్పుకోలేదు. గడ్డపార బండ కిందికి దూర్చి ఒరిగాడు. బండ ఒక్క క్షణం తటపటాయించి, ఆయన ఎడమ చేతిని నలిపి జారింది. పొద్దుటి నుంచి మేము ఎక్కించిన ఎత్తంతా వేగంగా మారి కిందికి దూసుకుపోయింది. ఆ ఒక్క క్షణంలోనే ఆ పిల్ల పక్కకు దూకింది. బండ కుండను పిండి చేసి, గుట్ట అడుగున ఉన్న పెద్ద రాతిగుండుకు తగిలి రెండు ముక్కలైంది.

ఎద్దుల బండిలో దవాఖానకు పోతుంటే ఆయన చెయ్యి నా ఒడిలో ఉంది. నా ధోతి తడిసిపోయింది.

“నువ్వు అడిగినప్పుడే నాకు ఎరుకే మేస్త్రీ. చెప్పలే.”

ఆయన కళ్లు తెరవలేదు. “తెల్వక జెప్పినవనుకున్న సారూ. గట్లనుకున్నప్పుడు కోపం లేకుండె.”

రెండు వేళ్లు తీసేశారు.

ఇంకో బండను చెక్కించి వాలుదారిలో పైకి చేర్చాం. బడికి సెలవు పెట్టి మూడు రోజులూ నేను తాడు పట్టాను. కట్టు కట్టిన చేత్తోనే వచ్చి దారి చూపించిన మేస్త్రీ నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. పైన గట్టుకు అమర్చేటప్పుడు బండ అంచు కాస్త చెక్కాల్సి వచ్చింది. ఆయన ఎడమ చేతిలో ఉలి నిలవలేదు. కోడలు వచ్చి పక్కన కూర్చుని ఉలి పట్టింది. ఆయన సుత్తి ఎత్తాడు. ఆమె వేళ్ల వంక చూసి ఆగిపోయాడు.

“కొట్టు మామా,” అంది ఆమె.