ఖాదర్ వాళ్ళమ్మకి నేను చెప్పిన అబద్ధం

నిన్న మధ్యాహ్నం చెన్నై జార్జి టౌన్‌లో బస్సులో ఉన్నా. హౌస్ ఓనర్ ఫోన్. "తంబీ, ఖాదర్‌ని ఆస్పత్రికి తెచ్చాం. వెంటనే రా."

నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

నా రూమ్మేట్. ఇరవై ఒక్కేళ్ళు. ఇంకా నమ్మలేకపోతున్నా.

గుండె ఆగింది అని గ్రూపుల్లో పెడుతున్నారు. కాదు, మత్తు టాబ్లెట్లు. పక్క మంచం వాణ్ణి, నాకు తెలుసు.

ఫస్ట్ ఇయర్ ఖాదర్ గుర్తున్నాడా మీకు?

తొండియార్‌పేటలో మా రూమ్ అగ్గిపెట్టె అంత. రెండు మంచాల మధ్య వాడు నమాజ్ చాప పరిస్తే కాలు పెట్టే చోటుండదు. వాడు లేచేదాకా నేను మంచం మీదే, మ్యాచ్ మ్యూట్‌లో పెట్టుకుని.

"ఫెయిలైన నా అరియర్ల గురించి కూడా అల్లాని ఓ మాట అడగరా" అంటే, "నువ్వు ముందు పుస్తకం తెరువు మచ్చా, అప్పుడు అడుగుతా" అనేవాడు.

థర్డ్ ఇయర్‌లో టాబ్లెట్లు మొదలయ్యాయి. ఎగ్జామ్ టెన్షన్ అన్నాడు. ఎగ్జామ్స్ అయిపోయాయి, అవి ఆగలేదు.

చాప మడిచి బీరువా మీద పెట్టేశాడు. "మత్తులో నమాజుకి నిలబడకూడదు మచ్చా. ఆ మర్యాదన్నా మిగలనీ."

వాడు నమాజ్ మానేశాడంటే అర్థమేంటో వాళ్ళమ్మకి బాగా తెలుసు. ఇంటర్‌లో ఒకసారి అలా మానేస్తేనే మత్తు అలవాటు కనిపెట్టింది. ఇంట్లో కూర్చోబెట్టి బాగుచేసుకుంది.

అందుకే ప్రతి శుక్రవారం రెండింటికి నెల్లూరు నుంచి నాకు ఫోన్ చేసేది.

"జుమ్మా నమాజుకి పోయినాడా నాయనా? వాణ్ణడిగితే అబద్ధం చెప్తాడు. నువ్వు చెప్పవు."

"వెళ్ళాడమ్మా" అనేవాణ్ణి. వాడు నా ఎదురుగానే గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు.

ఏడు శుక్రవారాలు అలాగే చెప్పా. ఫ్రెండ్‌ని పట్టివ్వకూడదట. పెద్ద మొనగాణ్ణి కదా నేను.

ఒకసారి ఫోన్ పెట్టేశాక వాడు ఇటు తిరక్కుండానే అన్నాడు. "నిజం చెప్పుంటే అమ్మ వచ్చేసుండేది రా."

జోక్ అనుకుని నవ్వాను. నవ్వాను రా నేను.

ఈ ఉదయం నెల్లూరులో మట్టి చేశాం. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నా బిడ్డ ఒక్క జుమ్మా కూడా వదల్లేదు. నువ్వే గదా నాయనా చెప్పింది. నాకు అదొక్కటే మిగిలింది."

తలూపాను. ఎనిమిదోసారి కూడా అబద్ధమే చెప్పాను.

సాయంత్రం బండికి రూమ్‌కి వచ్చేశా. చాప ఇంకా బీరువా మీదే ఉంది. దుమ్ము దులిపి బ్యాగులో పెట్టుకున్నా.

రేపు శుక్రవారం. రెండింటికి నా ఫోన్ మోగదు. మళ్ళీ నెల్లూరు వెళ్తా. ఆమె ఎదురుగా కూర్చుని మొత్తం చెప్తా. తిడితే పడతా. కొట్టినా పడతా.

ఆమెది బటన్ ఫోన్, ఈ పోస్ట్ చూడదు. ముందు మీకెందుకు చెప్తున్నానంటే, రేపు నేను వెనక్కి తగ్గకుండా.

ఇంక సెలవు రా ఖాదర్. అల్లా నిన్ను చల్లగా చూడాలి.

మీ అమ్మకి నిజం చెప్పేస్తా మచ్చా. ఆలస్యమైపోయింది, క్షమించు.