మొక్కు చెల్లేదాకా జడ

దిల్‌సుఖ్‌నగర్ ల్యాబులో పొద్దున రక్తం తీసి మోచేతి మడతలో పెట్టిన దూది ఇంకా స్పిరిట్ వాసన వేస్తూనే ఉంది. అమ్మాయిగా మారడానికి మందులు మొదలుపెట్టాలంటే ఈ పరీక్షలతో పాటు మానసిక వైద్యురాలి ఉత్తరం కూడా కావాలన్నారు హార్మోన్ల డాక్టరు. దానికోసమే నెల రోజులుగా ఎల్బీనగర్‌లో ఆవిడ క్లినిక్ మెట్లెక్కుతున్నాను. ఇంట్లోవాళ్లను ఒకరిని తీసుకురమ్మంటే ఇవాళ అమ్మ వచ్చింది గానీ, లోపల ఏం మాట్లాడుతుందో చెప్పలేదు.

స్పిరిట్ వాసన నాకు ఆరేళ్లప్పటి నుంచీ తెలుసు. నేను పుట్టగానే నా పుట్టువెంట్రుకలు యాదగిరిగుట్టలో ఇస్తానని అమ్మ మొక్కుకుంది. ఒక ఏడు తాత పోయాడు, ఇంకో ఏడు నాన్నకు లారీ దిగే తీరిక లేదు, అలా మొక్కు వాయిదా పడుతుంటే జుట్టు నడుము దాకా పెరిగింది. మన్సూరాబాద్‌లో మా కిరాయి ఇంటి వెనక, ప్రతి ఆదివారం, కుంకుడు పులుసు కళ్లలో పడి నేను ఏడుస్తుంటే నోట్లో ఉప్పుగల్లు పెట్టి, తడి జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టి, కొబ్బరినూనె రాసి, అమ్మ బిగించి జడ వేసి కనకాంబరాలు తురిమేది. బతుకమ్మ రోజుల్లో పక్కింటి అక్క పాత లంగా తొడిగితే, తంగేడు, గునుగు పూల పచ్చివాసన మధ్య, కాలనీ ఖాళీ జాగాలో ఆడవాళ్లతో పాటు చప్పట్లు కొడుతూ తిరిగేదాన్ని నేనూ. ఆట అయ్యాక సత్తుపిండి, మలీద ముద్దలు నా దోసిట్లోనూ పడేవి. గుంటూరు నుంచి వచ్చిన ఇంటి ఓనరు పిన్నిగారు అచ్చం ఆడపిల్లేనని బుగ్గ గిల్లితే, ఉన్నమాటే కదా అనిపించేది.

చివరికి ఆరో ఏట మొక్కు తీర్చడానికి వెళితే, గుట్టలో మంగలి కత్తి ఆనగానే తల విదిలించాను, రెండుచోట్ల తెగింది. మర్నాడు గల్లీ డాక్టరు స్పిరిట్ అద్దాడు. జుట్టు తీసి నన్ను మగపిల్లవాణ్ణి చేసేశారని ఆ వయసులో నా నమ్మకం. ఆ ఏడు బతుకమ్మలోకి చేరబోతే, మొగపిలగానికి ఇక్కడేం పనంటూ ఆడవాళ్లు నవ్వుతూనే పక్కకు జరిపారు. జుట్టు పెరిగితే అంతా సర్దుకుంటుందని కాచుకు కూర్చున్నాను. నాన్న మాత్రం నెల తిరక్కుండా మంగలి షాపుకు తీసుకెళ్లేవాడు.

మమ్మల్ని లోపలికి పిలిచారు. ఎప్పటి నుంచి ఇలా అనిపిస్తోందని డాక్టరమ్మ మళ్లీ అడిగింది. మెట్రోలో వల్లెవేసుకున్న జవాబు నేను మొదలుపెట్టేలోపే అమ్మ అందుకుంది.

"తప్పు నాదే మేడం. మొక్కు ఆలస్యం జేసిన. ఆరేండ్లు జడలేసిన, గందుకే పిలగాడు గిట్లయిండు."

ఈ డాక్టరమ్మ దానికి ఔనంటే ఉత్తరం రాదు, మందులు లేవు, మళ్లీ మొదటికే. డాక్టరమ్మ ఔననలేదు, కాదనలేదు. జడ తీసేశాక బిడ్డ ఎలా ఉండేదమ్మా అని మాత్రం అడిగింది. అమ్మ కొంగు వేలికి చుట్టుకుంది.

"మూడు పొద్దులు అన్నం ముట్టలే. నన్ను మళ్ల ఆడపిల్లను ఎప్పుడు చేస్తవమ్మా అని అడిగిండు. కొట్టిన మేడం. గట్టిగ కొట్టిన. మళ్ల ఎన్నడు అడగలే."

నాకా సంగతి గుర్తే లేదు. అంత చిన్నప్పటివన్నీ గుర్తుండి, ఆ ప్రశ్న, ఆ దెబ్బ మాత్రం ఎంత తవ్వుకున్నా దొరకలేదు. ఎవరికీ తెలియకూడదని ఇరవయ్యేళ్లు దాచుకున్న మాటను అమ్మకు ఆరేళ్లప్పుడే చెప్పేశానన్నమాట. డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుని ఉత్తరం రాయడం మొదలుపెట్టింది.

తిరుగుదారిలో ఆటో మన్సూరాబాద్ మీదుగా పోయింది. మేం బతుకమ్మ ఆడిన ఖాళీ జాగాలో అపార్టుమెంటు లేచింది, మా కిరాయి ఇల్లు ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాను. రక్తపరీక్షలో ఏం వస్తుందో, నాన్న ఏమంటాడో అని నా భయాలు నావి. అమ్మ ఆ జాగా వైపు చూడలేదు. ఉత్తరమున్న కవరు ఒళ్లో పెట్టుకుని, నా మొహం చూడకుండానే అడిగింది.

"గా మందులిచ్చే డాక్టరు కాడికి ఎప్పుడు పోవాలె మనం?"