పదిహేడో పొట్టు

ఆ వర్క్‌షాపులో ఆవిడను పొరలక్క అంటారు. గాలిమర రెక్కల కోసం, జిగురు పట్టించిన గాజునార గుడ్డను పొర మీద పొరగా పరవడం ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని. ప్రతి పొరకూ అడుగున పల్చటి ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. దాన్ని అక్కడ పొట్టు అంటారు. పొట్టు తీయకుండా పొర వేస్తే అది కింది పొరను పట్టుకోదు. ముక్క పైకి నిగనిగలాడుతూనే లోపల విడిపోయి ఉంటుంది. అందుకే పొరలక్క తీసిన పొట్టును పారేయదు. క్లిప్పుకు తగిలించి, ముక్కను ఓవెన్లోకి పంపేముందు లెక్కపెడుతుంది. పదహారు పొరలు, పదహారు పొట్టులు. పనే దైవం అని ఎవరైనా మొదలుపెడితే, "దైవం లెక్కపెట్టదు, నేనే పెట్టాలి" అంటుంది.

ఒక ఏడాది రెక్కల్లో చిప్ పెట్టాలన్నారు పైవాళ్లు. గోరంత బిళ్ల, చదివే యంత్రం, అంటే రీడరు, దగ్గరికి తెస్తే ముక్క ఎప్పుడు తయారైందో, ఎవరు చేశారో చెబుతుంది. ఎనిమిదో పొర మీద బిళ్ల పెట్టి పన్నెండు నమూనాలు చేసిందావిడ. చిప్పులన్నీ బుద్ధిగా పలికాయి. కానీ వంచి చూసే యంత్రంలో పన్నెండూ మామూలు ముక్కలకన్నా చాలా ముందే విరిగాయి, మధ్యలో పొరలు విడిపోయి.

"పొట్టు వదిలేశారండీ," అన్నాడు పరీక్షల ఇంజనీరు, విరిగినచోట తొంగిచూస్తున్న ప్లాస్టిక్ చూపిస్తూ. "పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. అదే రాస్తాను."

ఆ మాట ఫైలెక్కితే పొరలక్కను రెక్కల బల్ల నుంచి తీసి సానపట్టే గదికి పంపేస్తారు. పక్క బల్ల మీద పనిచేసే ఆడపడుచు ఊరుకుంటుందా?

"ఏం వదినా, రోజూ నా వంటకు వంకలు పెట్టే మనిషి చెయ్యేనా ఇది?"

"నీ వంట సంగతి సాయంత్రం చూద్దాం. ఆ క్లిప్పులు ఇలా పట్రా."

పన్నెండు క్లిప్పులూ ఇంజనీరు ముందే లెక్కపెట్టింది. పదహారు చొప్పున ఒక్కటీ తగ్గలేదు. తర్వాత విరిగిన ముక్కలోకి సన్నటి చాకు దూర్చి ఆ ప్లాస్టిక్‌ను బయటికి లాగింది. గోరంతే ఉంది. దాని వెంటే రాగి తీగ.

"ఇది నా పొట్టు కాదు సార్, మీ బిళ్లది. పుట్టింటి నుంచే తొడుక్కొచ్చిన చొక్కా. జిగురు దీన్ని అంటదు."

ఇంజనీరు దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. "చొక్కా విప్పేస్తే?"

"విప్పి, పల్చటి గాజుగుడ్డ ముక్క మీద కూర్చోబెడదాం. జిగురు అటూ ఇటూ దూరుతుంది."

మళ్లీ పన్నెండు చేసింది. మామూలు ముక్కలకన్నా ఒక పిసరు ముందే విరిగాయి. చిప్ పెట్టినా తేడా ఉండదని చెప్పడానికి అక్కడెవరూ చిప్పులు అమ్ముకునేవాళ్లు కారు. అయితే బిళ్ల దగ్గర ఒక్కటీ విడిపోలేదు.

ఇంజనీరు రిపోర్టు తిరగరాసి ఆవిడకు చదివి వినిపించాడు. బిళ్ల చొక్కాకు రాసిన 'రక్షణ కవచం' అన్న మాట దగ్గర ఆవిడ ఆపింది.

"పొట్టు అని రాయండి. లేకపోతే ఈ గదిలో ఒక్కరికీ అర్థం కాదు."

రాశాడు. ఇప్పుడు ప్రతి ముక్కకూ నింపే ఫారంలో అచ్చయి ఉంది: పొరలు పదహారు, పొట్టులు పదిహేడు. కొత్తగా చేరినవాళ్లు అచ్చుతప్పనుకుని దిద్దబోతారు. ఆడపడుచు పెన్ను లాక్కుంటుంది.

"ఆగండి. ఆ పదిహేడోది మా వదినది."