మూత ఉన్న తాయెత్తు

రహమాన్ చేతిలోంచి సుత్తి మళ్లీ జారింది. పాతనగరంలో దర్గాకు వెళ్లే దారిలో అతనిది చిన్న కొట్టు. రాగిరేకును గొట్టంలా చుట్టి తాయెత్తులు చేస్తాడు. లోపలి చీటీ రాసేది దర్గా పెద్దాయన. దానికి చెమ్మ తగలకుండా టంకం వేసి మూసేది రహమాన్. అతని టంకం ఊడిందన్నవాళ్లు ఇంతవరకూ లేరు.

ఇప్పుడు ఆ తాయెత్తే అతన్ని కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

జాలరిపేట గంగాలమ్మ పొద్దున్నే చేపలమ్ముకుంటూ వచ్చి చెప్పిపోయింది. ఆమె మొగుడు తవిటయ్య తెప్ప బోల్తాపడి, తోటివాడు సముద్రంలో పోయాడు. అప్పట్నుంచి తవిటయ్యకు నిద్ర లేదు. ఒడ్డున తిరుగుతూ పోయినవాణ్ని పిలుస్తుంటాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలతో కాస్త కన్ను మూతపడింది. తోడుగా ఉంటుందని రహమాన్ చేసిన తాయెత్తు కూడా కట్టించారు.

"మాత్తర్లు మానిపించేసినాను బాయ్. తాయెత్తు కట్టినాక మందు మింగితే, నమ్మకం లేదని దానికి కోపం రాదేటి?"

"అలా మానకూడదమ్మా! ఇప్పుడెలా ఉన్నాడు?"

"నిన్న నడుం లోతు నీళ్లలోకి ఎల్లిపోనాడు. నలుగురు లాక్కొచ్చినారు."

"ముందు మాత్ర వెయ్యి తల్లీ."

"తాయెత్తు సేసినోడివి, నువ్వే నమ్మకపోతే ఎలా బాయ్?" అని గంప ఎత్తుకుంది.

రహమాన్ జారిన సుత్తిని పక్కన పెట్టి కొత్త రేకు అందుకున్నాడు. ఈసారి గొట్టం మధ్యలో అడ్డుగోడ పెట్టి రెండు గదులు చేశాడు. పెద్దాయన రాసిన కొత్త చీటీ పైగదిలో పెట్టి టంకం వేశాడు. కిందగదికి మర తీసి, తిప్పి తీసే మూత బిగించాడు. కొట్టు మూసి ఆటో ఎక్కాడు.

తవిటయ్య ఒడ్డున అటూ ఇటూ నడుస్తున్నాడు. మాట్లాడాలంటే రహమాన్ కూడా నడవాల్సి వచ్చింది.

"నువ్వూ తిరగతన్నావేటి బాయ్? నీ తెప్పా ములిగిపోనాదేటి?"

"మునిగేలాగే ఉంది బావా. ఒకసారి ఆగు."

గంగాలమ్మను పిలిచి ఆ రోజు మాత్ర తెప్పించి కిందగదిలో వేశాడు. "రోజూ ఇలాగే ఒకటి వెయ్యి. మందు తాయెత్తు కడుపులోంచే వస్తుంది. ఇంక దానికి కోపం ఎవరి మీదమ్మా?"

ఆమె తాయెత్తును అటూ ఇటూ తిప్పి చూసి మొగుడి చేతికి కట్టింది. తవిటయ్య మూత మీద వేలు పెట్టాడు గానీ తిప్పలేదు. మళ్లీ నడక మొదలెట్టాడు.

తరవాత రహమాన్‌కు పని సాగలేదు. జాలరిపేట వైపు నుంచి ఎవరొచ్చినా ఆపి తవిటయ్య సంగతి అడిగేవాడు.

కొన్నాళ్లకు ఒక పొద్దున గంగాలమ్మ తాయెత్తు తెచ్చి అతని ముందు పడేసింది.

"ఇదేం పని బాయ్? మూత ఊడిపోతంది! రోజూ తిప్పుతుంటే మర అరిగిపోనాది."

తన పనికి వంక పెడితే ఊరుకోని రహమాన్ ఆత్రంగా ముందుకు వంగాడు.

"రోజూ తిప్పుతున్నాడా?"

"కళ్లకద్దుకుని మరీ మింగుతన్నాడు. డాక్టరమ్మా సూసింది. మూత ఉన్నా ఊడినా మాత్తర మానొద్దంది."

"ఇత్తడితో చేసిస్తాను. ఎన్నాళ్లు తిప్పినా అరగదు."

"ఆ ఇత్తడేదో ముందే పెట్టొచ్చు కదేటి!"