బల్లి పలకని ఇల్లు

మా చిన్నప్పుడు మా అవ్వ దేవుణ్ణి ఏదైనా అడిగిందంటే ఇంట్లో ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు... గోడ మీద బల్లి పలికేదాకా పిల్లలం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చోవాల్సిందే! దేవుడు బల్లి నోటితోనే చెబుతాడని అవ్వ నమ్మకం. తూర్పు గోడన పలికితే మంచిది, దక్షిణపు గోడన పలికితే ఆ పని మానుకోవాలి. ఆ లెక్క అవ్వ సొంతం. ఎదురు చెప్పే ధైర్యం నాయనకు కూడా లేదు.

మాది పాకాల దగ్గర పల్లె. ఒక ఎండాకాలం జాతరకని అమ్మ బూజంతా దులిపి, గోడలకు దిట్టంగా సున్నం కొట్టింది. ఇల్లు తెల్లగా మెరిసిపోయింది. బల్లులన్నీ ఎటో పోయాయి... అప్పుడా సంగతి ఎవరికీ పట్టలేదు.

జాతర అయిపోయాక తమ్ముడికి జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. చివరికి వాడికి తెలివి తప్పితే, అమ్మా నాయనా బస్సులో తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇంట్లో నేను, అవ్వ మిగిలాం. మా ఊళ్ళో ఫోన్ లేదు. కబురు తెలియాలంటే ఎవరో ఒకరు బస్సు దిగాలి.

అవ్వ దీపం పెట్టి, మనవడు బతుకుతాడా అని అడిగింది. ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. పలుకు లేదు. పొద్దునా అడిగింది, సాయంత్రమూ అడిగింది. సున్నాన్నీ, సున్నం కొట్టిన కోడలినీ కలిపి తిట్టిపోసింది.

"అడిగేదానికి నోరుండాది, ఇనేదానికి చెవులుండాయి... చెప్పేవాళ్ళే లేకుండా పోయినారు గదే" అని ఏడ్చింది. నేను ఆమె కొంగు పట్టుకుని కూర్చున్నాను.

చివరికి నన్ను వెంటబెట్టుకుని పక్కింటి మరియమ్మత్త దగ్గరికి పోయింది. ఆమె అప్పటికే మోకాళ్ళ మీద ఉంది, మా తమ్ముడి కోసమే.

"మీ దేవుడేమంటా ఉండాడు మరియమ్మా?"

"ఏమీ అన్లేదత్తా. చెవిపెట్టి ఇంటా ఉండాను."

అవ్వ ఆమె పక్కనే కూలబడింది. ఇద్దరూ చెవులు రిక్కించుకుని... మధ్యలో నేను.

మర్నాడు మధ్యాహ్నం అమ్మా నాయనా బస్సు దిగారు. తమ్ముడు లేడు. వాణ్ణి అక్కడే మట్టి చేసి వచ్చారట. ఆ మాట నాయన చెప్పకముందే మాకు తెలిసిపోయింది.

ఆ తర్వాత అవ్వ చాలా ఏళ్ళే బతికింది. రోజూ దీపం పెట్టేది. ఇక ఏమీ అడిగేది కాదు... ఊరికే కాసేపు కూర్చునేది. మరియమ్మత్త కూడా వచ్చి కూర్చునేది.

ఇప్పుడు ఆసుపత్రి కబుర్లు నిమిషానికోసారి అరచేతిలోకే వస్తున్నాయి. మంచిదే... కానీ మొన్న మా ఆయన్ను ఆపరేషన్‌కు తీసుకుపోయినప్పుడు, ఫోన్‌లో దండం పెడుతున్న బొమ్మలు ఎన్నో వచ్చాయి గానీ నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

ఏ జవాబూ రాని రోజున మీ పక్కన ఎవరు కూర్చున్నారు?